గుంటూరు అమ్మాయి, ఒక .22 రైఫిల్, నాలుగు లాట్లు

విజయవాడలో రైఫిల్ షూటింగ్ నేర్పిస్తుంటాను. ఈ కేసు పూర్తిగా రాయడానికి కారణం ఒకటే, ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "సార్, ఎయిర్ రైఫిల్ అయిపోయింది, ఇప్పుడు నిజం తూటాల రైఫిల్ కొనాలి, ఏ తూటా తీసుకోమంటారు, ఇంట్లోనే తూటాలు నింపుకుంటే చవకంట కదా?" జవాబు ఒక్క ముక్కలో కావాలంటే, .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా) తీసుకోండి, దాన్ని నింపుకోవడం కుదరదు, నింపుకోవడానికి దాచుకున్న ఓపికంతా లాట్ పరీక్ష మీద, అంటే ఫ్యాక్టరీలో ఒక్కో విడత తయారైన తూటాల్లో మీ రైఫిల్‌కి ఏది పడుతుందో చూడటం మీద పెట్టండి. ఎందుకో తెలియాలంటే మిగతాది చదవాలి, కాస్త పొడుగే.

షూటర్‌ది గుంటూరు. బ్రాడీపేటలో ఉంటారు, వాళ్ల నాన్నగారిది మిర్చి వ్యాపారం. అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో రాష్ట్ర స్థాయిలో బాగానే ఆడుతోంది, వయసు 21 దాటింది, ఇక 50 మీటర్లకి వెళ్దామని వచ్చారు. ఎయిర్ రైఫిల్ ఉన్నంతకాలం కాగితాల గొడవ లేదు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్లు మించని శక్తి ఉంటే దానికి లైసెన్సే అక్కర్లేదు. 50 మీటర్లంటే మాత్రం అసలు తుపాకీ, అంటే లైసెన్సు, పోలీసు విచారణ, గుంటూరు వాళ్లకి కలెక్టరేట్, విజయవాడ వాళ్లకి పోలీస్ కమిషనర్ ఆఫీసు. ఆ తిరుగుడు గురించి ఇక్కడ రాయను, అది రాస్తే ఇంకో కేసు అవుతుంది.

వాళ్లు వచ్చేటప్పటికే ఒక నిర్ణయం చేసేసుకుని వచ్చారు. డల్లాస్‌లో ఉండే బాబాయ్ చెప్పాడట, 6.5 క్రీడ్‌మోర్ అనే పెద్ద తూటా రైఫిల్ కొనమని. నా ముందే వీడియో కాల్ చేశారు. ఆయన మనిషి మంచివాడు, సబ్జెక్టు బాగా తెలిసినవాడు, గ్యారేజీలో ప్రెస్సు, డైలు, త్రాసు అన్నీ పెట్టుకుని సొంతంగా తూటాలు నింపుకుంటాడు. "అన్నయ్యా, .22 అంటే పిట్టల్ని కొట్టుకునేది, పిల్లకి బొమ్మ కొనిస్తావా? క్రీడ్‌మోర్ కొను, కాల్చిన తూటాల ఇత్తడి కేసులు పారేయకుండా దాచు, నేను పౌడర్ లెక్కలు పంపిస్తా" అన్నాడు. నాన్నగారు నా వైపు చూశారు. అక్కడి నుంచి మొదలైంది.

ముందు ఆ 'బొమ్మ' సంగతి తేల్చాలి. 50 మీటర్ల ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) టార్గెట్‌లో పదో రింగు, అంటే పది పాయింట్లిచ్చే నడిమి వృత్తం, వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. 300 మీటర్ల పెద్ద బోరు టార్గెట్‌లో పదో రింగు 100 మిల్లీమీటర్లు. 10.4ని ఆరింతలు చేయండి, 300 మీటర్ల దగ్గర 62 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే కోణంలో చూస్తే చిన్న తూటాతో కొట్టాల్సిన పదే చిన్నది, పెద్ద తూటాతో కొట్టేది దానికి ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. ఇది చెప్పాక బాబాయ్ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అది కరెక్టే గానీ..." అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టేవాళ్లతో మాట్లాడటం నాకిష్టం.

రెండోది, ఆడేది ఏ ఈవెంటు? తూటాని ఎంచుకునేది మనం కాదు, ఈవెంటు. 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌కి (మోకాలి మీద నీలింగ్, పడుకుని ప్రోన్, నిలబడి స్టాండింగ్) రూలు పుస్తకం ప్రకారం 5.6 మిల్లీమీటర్ల రిమ్‌ఫైర్, అంటే .22 ఎల్‌ఆర్ మాత్రమే. ఇంకోటి తీసుకెళ్తే రేంజ్ గేటు దగ్గరే ఆపుతారు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఈ తూటాతోనే, ఈ ఈవెంట్‌లోనే. 300 మీటర్ల రైఫిల్ ఒలింపిక్స్‌లో చివరిసారి ఉన్నది 1972 మ్యూనిక్‌లో. ప్రపంచ చాంపియన్‌షిప్పుల్లో ఇప్పటికీ ఉంది, అక్కడ ఎనిమిది మిల్లీమీటర్ల వరకు ఏ బోరైనా ఒప్పుకుంటారు, 6 మిల్లీమీటర్ల బీఆర్, 2005లో వచ్చిన 6.5×47 లపువా లాంటివి అక్కడివే. గుంటూరు నుంచి రోజూ వచ్చి ప్రాక్టీసు చేయాల్సిన అమ్మాయికి 300 మీటర్ల రేంజ్ ఎక్కడుంది? సైన్యం, పారామిలిటరీ వాళ్ల రేంజ్‌లు తప్ప మామూలు మనిషి వెళ్లి పడుకుని కాల్చే చోటు మన చుట్టుపక్కల నాకు కనబడలేదు. రేంజ్ లేని రైఫిల్ బీరువాలో పెట్టుకోవడానికే.

మూడోది, అసలైనది, చట్టం. అమెరికాలో సొంతానికి తూటాలు నింపుకోవడం హాబీ. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయకూడదు. అంతటితో ఆగదు, అదే చట్టంలో 'అమ్యూనిషన్' నిర్వచనం చదవండి, తూటా భాగాలు, తూటా తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అంటే బాబాయ్ గ్యారేజీలో ఉన్న ప్రెస్సుని సూట్‌కేసులో సర్దుకుని గన్నవరంలో దిగితే దాన్ని ఇనుప సామానుగా చూడరు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఆయుధాలు, తూటాలు తయారుచేసినందుకు కనీసం ఏడేళ్లు, పైకి యావజ్జీవం దాకా ఉంది. "మనవాడే, ఎవరికి తెలుస్తుంది" అనే మాట ఈ విషయంలో నా రేంజ్‌లో ఎవరైనా అంటే ఆ రోజు నుంచి వాళ్లకి నేను నేర్పను. ఇది చెప్పాక టెన్షన్ పడింది నాన్నగారు, బాబాయ్ కాదు.

అయితే బాబాయ్ చెప్పేదాంట్లో ఒక అసలు విషయం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. సెంటర్‌ఫైర్ తూటాని ఎందుకు నింపుకుంటారు? ఖర్చు ఒక్కటే కాదు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి కేసు, ప్రైమర్, పౌడర్, గుండు. సెంటర్‌ఫైర్‌లో ప్రైమర్ కేసు అడుగున మధ్యలో విడిగా కూర్చుంటుంది, పేలాక దాన్ని తీసేసి కొత్తది పెట్టొచ్చు, కేసు మళ్లీ వాడొచ్చు. ఒకసారి పేలిన కేసు ఆ రైఫిల్ ఛాంబర్ కొలతకే సాగి ఉంటుంది కాబట్టి రెండోసారి అది ఆ రైఫిల్‌కి ఇంకా చక్కగా అమరుతుంది. పౌడర్ తూకం, గుండు ఎంత లోతున కూర్చోవాలి, కేసు మెడ దాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలి, వీటిని ఒక్కొక్కటి మారుస్తూ ఆ బ్యారెల్‌కి నచ్చింది ఏదో పట్టుకుంటారు. అంటే వాళ్లు చేసేది తూటాని రైఫిల్‌కి కుట్టించడం.

.22లో అది అసాధ్యం. రిమ్‌ఫైర్ పేరులోనే ఉంది, పేలే మందు కేసు అంచు మడతలో లోపలంతా పూసి ఉంటుంది, పిన్ను ఆ అంచుని నలిపితేనే పేలుతుంది. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు, దాంట్లో మళ్లీ మందు నింపే పద్ధతి షూటర్ చేతిలో లేదు. కేసు పారేయడమే. ఈ తూటా 1887లో వచ్చింది, ఇప్పటికీ గుండు కేసంత లావుగానే బయటికి ఉబ్బి ఉంటుంది, మైనం పూసి ఉంటుంది, పాత కాలపు డిజైన్ అలాగే మిగిలిపోయింది. కొలతలు మన చేతిలో ఏమీ లేవు. ఫ్యాక్టరీ ఏది పంపితే అదే.

మరి రైఫిల్‌కి కుట్టించేదెలా? కుట్టించలేం, ఏరుకుంటాం. ఇదొక్కటే దారి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే పెట్టె రంగు, కానీ తయారైన లాట్ మారితే మీ బ్యారెల్‌లో గ్రూపు, అంటే చిల్లులు ఎంత దగ్గరగా పడతాయన్నది, మారిపోతుంది. పౌడర్ బ్యాచ్ వేరు, ప్రైమింగ్ పూత వేరు, మెషిన్ వేరు. ఇది చెప్పేసరికి మామూలుగా తల్లిదండ్రులు నన్ను అనుమానంగా చూస్తారు, ఇంకేదో అమ్మడానికి చూస్తున్నాడని. ఈ నాన్నగారు మాత్రం నవ్వారు. "యార్డులో మేం చేసేది అదే కదండీ. అన్నీ తేజానే, టిక్కీ మీద అదే పేరు, కానీ ప్రతి లాట్‌లోనూ చెయ్యి పెట్టి కాయ తీసి చూడకుండా రేటు చెప్తామా?" అన్నారు. ఆ తర్వాత ఆయనకి నేను విడిగా నచ్చజెప్పాల్సిన పని పడలేదు. పరీక్ష రోజుల్లో నోట్‌బుక్ ఆయనే పట్టుకున్నారు, చేతిరాత నాకంటే బాగుంటుంది కూడా.

రైఫిల్ సంగతి తొందరగా చెప్పేస్తా. సెకండ్‌హ్యాండ్ అన్‌షుట్జ్ కంపెనీ రైఫిల్, 1913 అన్నది మోడల్ నంబరు, బ్యారెల్ మంచి స్థితిలో ఉంది. .22 బ్యారెల్ వేల వేల తూటాలు తింటుంది, క్రీడ్‌మోర్ లాంటి వేడి తూటాల బ్యారెల్ రెండు మూడు వేలకే మ్యాచ్ గ్రేడ్ పోగొట్టుకుంటుంది. ఇది కూడా బాబాయ్‌కి చెప్పాను. "అవును, నేను మార్చాను" అని ఒప్పుకున్నాడు.

ఇక తూటా వేగం గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తవాళ్లు పెట్టె మీద 'హై వెలాసిటీ' అని చూసి అదే గొప్పనుకుంటారు. పోటీలకి వాడే మ్యాచ్ తూటాలన్నీ సెకనుకి దాదాపు 325, 330 మీటర్ల దగ్గర ఉంటాయి, కావాలనే. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర 343, మన మే నెల 40 డిగ్రీలకి 355 అవుతుంది. మ్యాచ్ తూటా ఎప్పుడూ దానికి కిందే ఉంటుంది. హై వెలాసిటీ తూటా 380 దాకా బయల్దేరి, దారిలో ధ్వని వేగానికి పడిపోయేటప్పుడు ఒణుకుతుంది. పైగా అది గాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది, తక్కువ కాదు. వేగంగా పోయేదాన్ని గాలి తక్కువ తోస్తుందని అందరూ అనుకుంటారు, ధ్వని వేగం దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. ఎందుకంటే గాలి తోసే దూరం తూటా దారిలో ఎంత వేగం పోగొట్టుకుంది అన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ దశలో అది చాలా పోగొట్టుకుంటుంది.

పరీక్షకి నాలుగు లాట్లు దొరికాయి. ఇక్కడ దొరకడమే గొప్ప, యూరప్‌లో అయితే రైఫిల్ పట్టుకుని ఫ్యాక్టరీ టెస్ట్ సెంటర్‌కే వెళ్తారు, జర్మనీలో షోనెబెక్ దగ్గర లపువా వాళ్ల సెంటర్‌లో బ్యారెల్‌ని బిగించి లాట్ల మీద లాట్లు కాల్చి నచ్చింది అక్కడే కొనుక్కుంటారు. మనకి అసోసియేషన్ ద్వారా వచ్చే దిగుమతి సరుకే దిక్కు. బ్రాండు పేర్లు రాయను, ఎందుకంటే ఈ ఫలితం ఈ ఒక్క బ్యారెల్‌కి మాత్రమే, పేరు రాస్తే రేపు అందరూ అదే కొంటారు. 'అ', 'ఆ', 'ఇ', 'ఈ' అందాం. 'అ' అంటే అన్నిటికంటే ఖరీదైన మ్యాచ్ తూటా. 'ఆ', 'ఇ' రెండూ ఒకే కంపెనీ, ఒకే పేరు, మధ్య రకం ధర, లాట్ నంబర్లు మాత్రం వేరు. 'ఈ' అంటే ప్రాక్టీసు రకం.

పద్ధతి ఇది. బ్యారెల్‌ని వైస్‌లో బిగించి కాలిస్తే మనిషి తప్పు పూర్తిగా పోతుంది, మా దగ్గర ఆ ఏర్పాటు లేదు. ముందు రెస్టు, వెనక ఇసుక సంచి, బెంచి మీద కూర్చుని కాల్చాం. తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ఆపేసేవాళ్లం. దారి పొడుగునా సన్న రిబ్బన్లు కట్టాం, అవి వేలాడుతున్నప్పుడే షాట్. పక్కగాలి సెకనుకి ఒక్క మీటరు ఉంటే చాలు, 50 మీటర్ల దగ్గర తూటా ఐదారు మిల్లీమీటర్లు జరుగుతుంది. టార్గెట్ మీద ఒక రింగుకీ ఇంకో రింగుకీ ఉన్న దూరమే 8 మిల్లీమీటర్లు. రిబ్బన్ కాస్త ఊగుతుంటే కాల్చి "ఈ లాట్ బాలేదు" అనడం అన్యాయం.

బ్రాండు మార్చిన ప్రతిసారీ బ్యారెల్‌ని పొడిగా తుడిచి, లెక్కలోకి రాని తూటాలు ఒక పది వదిలేవాళ్లం. ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం, పాత మైనం మీద కొత్త తూటా పోతే మొదటి షాట్లు ఎటు పోతాయో చెప్పలేం. ఇది వృథా అనిపిస్తుంది, ఒక్కో తూటా ధర గుర్తొస్తుంది, కానీ ఇది చేయకపోతే పరీక్ష మొత్తం వృథా. తర్వాత పది షాట్ల గ్రూపు. ఐదు కాదు, పది. ఐదు షాట్ల గ్రూపుని నమ్మొద్దు. ఎంత చెడ్డ తూటా అయినా అప్పుడప్పుడు ఐదు ఒకే చిల్లులో వేసేస్తుంది, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి ఆ లాట్‌ని పెట్టెలకి పెట్టెలు కొనేసేవాళ్లని చూశాను. ప్రతి లాట్‌కీ పది షాట్ల గ్రూపులు కొన్ని, వాటిని ఒకే రోజు వరసగా కాకుండా కలిపి, ఒక రోజు 'అ'తో మొదలైతే ఇంకో రోజు 'ఈ'తో. లేకపోతే చివర్లో వచ్చే లాట్‌కి కాల్చేవాడి అలసట, ఎండ వేడి రెండూ అంటుకుంటాయి. కాల్చింది ఎక్కువగా నేను, అమ్మాయి కొన్ని. ఏ లాట్ నడుస్తోందో కాల్చేవాళ్లకి తెలియకుండా నాన్నగారు తూటాలు చిన్న చెక్క బ్లాకులో పెట్టి ఇచ్చేవారు. ఇది ఆయన ఆలోచనే, నేను చెప్పింది కాదు. కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది, ఇన్నేళ్లలో నాకు తట్టలేదే అని, సరే.

కొలిచింది గ్రూపులో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకి. గ్రూపులన్నీ ఒకే కాగితం మీద ఎత్తి గీసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, ఒక్క దూరపు చిల్లు మొత్తం లెక్కని పాడుచేయకుండా.

ఏం తేలింది? సగటున 'ఆ' లాట్ పది మిల్లీమీటర్లకి అటూ ఇటూ. 'అ', అంటే ఖరీదైనది, పదమూడు దాటింది. 'ఆ'కి తోబుట్టువైన 'ఇ' పద్నాలుగు. 'ఈ' పదహారు పైన. ఒకే పేరున్న రెండు పెట్టెల మధ్య తేడా నాలుగు మిల్లీమీటర్లు, ఖరీదైనదానికీ మధ్య రకానికీ తేడా మూడు, అదీ తలకిందులుగా. 'అ' చెడ్డ తూటా అనుకోకండి, అదే లాట్‌ని మా రేంజ్‌లో ఇంకొకరి వాల్తర్ రైఫిల్‌లో వేస్తే శుభ్రంగా కుప్ప పోసింది. ఈ బ్యారెల్‌కి పడలేదు, అంతే.

నిలువు వైపు విషయం చెప్పాలి. 'ఇ' లాట్ గ్రూపులు గుండ్రంగా లేవు, నిలువుగా సాగాయి. గాలి అయితే అడ్డంగా సాగాలి. నిలువుగా సాగితే ముందు వేగం మీద అనుమానం రావాలి. తూటా 50 మీటర్లు పోవడానికి దాదాపు 0.16 సెకను పడుతుంది, ఆ లోపు పన్నెండు సెంటీమీటర్ల దాకా కిందికి పడుతుంది. ఒక తూటాకీ ఇంకో తూటాకీ వేగంలో సెకనుకి పది మీటర్లు తేడా ఉంటే ఆ పడటంలో తేడా ఏడు మిల్లీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు ఒక రింగు. మీ దగ్గర క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) ఉంటే కొలవండి. లేకపోయినా టార్గెట్ చెప్తుంది. ఈలీ లాంటి తూటాల కంపెనీలవాళ్లు పెట్టె మీద ఆ లాట్ వేగం ముద్రిస్తారు, కానీ అది సగటు, ఒక్కో తూటాకి తేడా ఎంతో దాంట్లో ఉండదు.

ఇప్పుడు నాన్నగారు అడిగిన ప్రశ్న, నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చింది: "నాలుగు మిల్లీమీటర్లకి ఇంత హడావుడి అవసరమా మాష్టారూ?" లెక్క వేసి చూపించాను. చిల్లు అంచు పదో రింగు గీతని తాకినా పదే. రింగు 10.4, తూటా 5.6, అంటే తూటా మధ్య బిందువు పదహారు మిల్లీమీటర్ల వృత్తంలో పడితే చాలు. షూటర్ ఊగుడు ఒకటి, తూటా చెదురు ఒకటి, రెండూ కూడిక లెక్కలో కలవవు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. ప్రోన్‌లో, అంటే పడుకుని స్లింగ్‌తో (చేతికి బిగించే పట్టీతో), అమ్మాయి సొంత గ్రూపు పది అనుకుందాం. 'ఆ' లాట్‌తో కలిస్తే 14, పదహారు లోపల. 'ఇ' లాట్‌తో కలిస్తే 17, పదహారు దాటింది, తొమ్మిదులు మొదలవుతాయి. అదే స్టాండింగ్‌లో సొంత ఊగుడు 35 అనుకోండి. 'ఆ' లాట్‌తో 36, 'ఇ' లాట్‌తో 38 లోపే. తేడా మిల్లీమీటరు చిల్లర. కాబట్టి నిలబడి కాల్చే ప్రాక్టీసుకి మంచి లాట్ తగలెయ్యడం దండగ, అక్కడ 'ఈ' లాట్ చాలు, ఆ డబ్బుతో ఇంకో నాలుగు గంటలు నిలబడొచ్చు. మంచి లాట్ ప్రోన్‌కి, నీలింగ్‌కి, మ్యాచ్‌కి. ఇంతకంటే ఖచ్చితంగా డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క ఈ ఆటలో నాకు తెలియదు.

ఒక వర్గం వాళ్లు ఇంకా ముందుకెళ్తారు, ప్రతి తూటా అంచు మందం కొలిచి, బరువు తూచి వేరు చేస్తారు. హ్యాండ్‌లోడింగ్, అంటే తూటాలు సొంతంగా నింపుకోవడం, రక్తంలో ఉన్నవాళ్లకి ఇది ఊరట. బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ని బెంచి మీద ఆనించి కాల్చే పోటీ) ఆడేవాళ్లయితే చేసుకోండి. త్రీ పొజిషన్స్ ఆడే పిల్లల చేత అది చేయించడం నాకు నచ్చదు, మంచి లాట్ దొరికితే అది ముందే ఏరి ఉన్నట్టే, చెడ్డ లాట్‌ని ఎంత తూచినా మంచిది కాదు. బాబాయ్ డిజిటల్ త్రాసు పంపిస్తానన్నాడు, వద్దన్నాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 'ఆ' లాట్ నచ్చింది సరే, కావలసినంత అడిగేసరికి మిగిలింది కొన్ని బ్రిక్కులే. ఐదొందల తూటాల బ్రిక్కు. సరుకు ఇచ్చేచోట "అదే పేరుది వేరే లాట్ ఉంది, తీసుకోండి, ఒకటే కదా" అన్నారు. ఒకటి కాదని 'ఇ' లాట్ చూపించింది కదా. ఉన్నవి మొత్తం తీసుకుని, ప్రాక్టీసుకి 'ఈ' లాట్ విడిగా కొన్నాం. ఇక్కడొక జాగ్రత్త, లైసెన్సు మీద తూటాల సంఖ్యకి పరిమితి ఉంటుంది, ఒకేసారి ఎంత దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎంత కొనొచ్చు అన్నది మీ లైసెన్సులోనే రాసి ఉంటుంది, లాట్ నచ్చిందని దాన్ని దాటకండి. కొన్నవి, కాల్చినవి రాసుకునే పుస్తకం ఎప్పటికప్పుడు నింపండి. ఇంటి దగ్గర లెక్క తప్పితే ఆటగాడని ఎవరూ చూడరు.

నిల్వ గురించి. మన ఎండలు గుర్తుంచుకోండి. రోహిణి కార్తెలో రేంజ్ బయట పార్క్ చేసిన కారు లోపల చెయ్యి పెట్టలేం. ఈ తూటాల మీద మైనం, కొవ్వు పూత ఉంటుంది, అది మెత్తబడి కిందికి జారితే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ, ఇక పరీక్ష ఫలితాలన్నీ గంగలో కలిసినట్టే. చిన్న థర్మోకోల్ పెట్టె, ఐసు లేకుండా, కారులో కాకుండా నీడలో. ఫ్రిజ్‌లో పెడతామన్నారు ఇంట్లో అమ్మగారు, అస్సలు వద్దు. చల్లటి తూటా మన ఉక్కలోకి రాగానే చెమటలు పడుతుంది, తడి మైనం ఇంకా దరిద్రం.

వేడి ఇంకో రకంగా కూడా ఆడిస్తుంది. ఎనిమిదిన్నర దాటితే నేల మీంచి ఆవిరి లేచినట్టు టార్గెట్ నీళ్లలో ఊగుతున్నట్టు కనిపిస్తుంది, దానికి తోడు బ్యారెల్ మీంచి లేచే వేడి. బ్యారెల్ పైన పొడుగు గుడ్డ పట్టీ కడితే కొంత తగ్గుతుంది. చలికాలం ఇంకో కథ. నేషనల్స్ డిసెంబరులో ఢిల్లీలో కర్ణీసింగ్ రేంజ్‌లో పడ్డాయంటే పొద్దున పది డిగ్రీల దగ్గర కాల్చాలి. చల్లబడిన పౌడర్ వేగం తగ్గిస్తుంది, తూటా కిందికి పడుతుంది. లాట్ మంచిదే, గ్రూపు అలాగే ఉంటుంది, జీరో, అంటే సైట్లు సరిచేసుకున్న గురి, మాత్రం జరుగుతుంది. అందుకే అక్కడ మొదటి సైటర్లు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు) చూసి కంగారుపడి సైట్లు అటూ ఇటూ తిప్పొద్దని ముందే చెప్పి పంపిస్తాను. ప్రాక్టీసు రోజునే అదే టైముకి వెళ్లి జీరో చూసుకోవాలి.

ఫలితం నిజాయితీగా చెప్పాలంటే, ప్రోన్‌లో తొమ్మిదులు తగ్గాయి, అదీ లెక్క చెప్పినట్టే. స్టాండింగ్‌లో ఏమీ మారలేదు, మారదని కూడా ముందే తెలుసు. మారింది ఇంకోటి, తొమ్మిది పడినప్పుడు అమ్మాయి ఇప్పుడు పెట్టె వైపు చూడదు. తూటా మీద అనుమానం ఉన్నంతకాలం ప్రతి చెడ్డ షాట్‌కీ ఒక సాకు ఉండేది. ఇప్పుడు లేదు, కాబట్టి ట్రిగ్గర్ వేలి గురించి నాతో పోట్లాడుతోంది, అది మంచి పోట్లాట.

బాబాయ్ సంక్రాంతికి వచ్చాడు. రేంజ్‌కి తీసుకెళ్లాం, ప్రేక్షకుడిగా మాత్రమే. ఆమె ప్రోన్ కార్డు పట్టుకుని చాలాసేపు చూసి, పాస్‌బుక్ అంత చిన్న కాగితం మీద ఇన్ని చిల్లులు ఎలా కలిశాయని అడిగాడు. డల్లాస్ వెళ్లాక తనూ ఒక .22 కొన్నాడు, ఇప్పుడు నాకు ఏ లాట్ కొనాలో మెసేజ్‌లు పెడుతున్నాడు. అతని బ్యారెల్ చూడకుండా నేనేం చెప్పను?

కొత్త దిగుమతిలో అదే పేరుతో వేరే లాట్లు వస్తున్నాయని కబురు వచ్చింది. అవి వచ్చాక మళ్లీ ఇదే తంతు, ఈసారి 'ఆ' లాట్‌ని పక్కన పెట్టుకుని కాలుస్తాం, ఒకే పొద్దున, ఒకే గాలిలో పోలిస్తేనే పోలిక కాబట్టి. దాని కోసం యాభై తూటాల పెట్టె ఒకటి తీసి, మీద 'కొలతకి, మ్యాచ్‌కి కాదు' అని స్కెచ్ పెన్నుతో రాసి లాకర్‌లో పెట్టాం. తాళం అమ్మాయి దగ్గరే, లైసెన్సు ఆమెది కాబట్టి.